మూడు చుక్కలు పెట్టిన యాక్సిల్

దెయ్యాలను నేను నమ్మను. ఇలాంటివి రాసేవాళ్లందరూ ఈ మాటతోనే మొదలుపెడతారని నాకు తెలుసు. అందుకే నా వంతుగా ఒక సవరణ చేస్తున్నాను: ఇది చదివాక మీరు కూడా నమ్మాల్సిన అవసరం లేదు. ఇందులో పాడుబడ్డ ఇల్లు లేదు, అర్ధరాత్రి లేదు. జరిగినదంతా పగటి వెలుతురులో, ఎల్.బి.నగర్‌లోని ఒక రేకుల షెడ్డులో, ఒక ఇనుప కడ్డీ విషయంలో జరిగింది.

కాలేజీలో మూడేళ్లు డిబేట్ జట్టులో ఉన్నాను. ఒక మాట అన్నవాళ్లే దాన్ని నిరూపించాలన్నది అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం. నిరూపణ చేతిలో లేనప్పుడు గొంతు పెంచకూడదన్నది రెండోది. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు రీజనింగ్ చెబుతున్నాను. ఈ వ్యవహారంలో నేను ఆ రెండో పాఠాన్ని మరిచాను. దాని ఫలితం నా మీద కాదు, ఇంకొకరి మీద పడింది. ఇది రాయడానికి అసలు కారణం అదే.

మా నాన్న భూగర్భ జలాల సర్వే చేస్తారు. బోరు వేయించుకోబోయే రైతు పిలిస్తే, పొలానికి వెళ్లి పరికరాలతో కొలిచి, నీళ్లు ఎక్కడ పడే అవకాశం ఉందో చెబుతారు. మాది గుంటూరు వైపు. నేను పుట్టకముందే అమ్మానాన్నలు వచ్చి గడ్డిఅన్నారంలో స్థిరపడ్డారు. రోడ్డు అయిపోయిన చోట నాన్న పని మొదలవుతుంది కాబట్టి, ఆయన దగ్గర నాలుగు చక్రాలకూ పట్టు ఇచ్చే పాత జీపు ఒకటుంది. వయసులో అది నాకంటే రెండేళ్లు పెద్దది. అమ్మ దాన్ని "మీ మొదటి సంతానం" అంటుంది.

రెండేళ్ల కిందట, వానలు మొదలైన రోజుల్లో, ఇబ్రహీంపట్నం అవతల ఒక మెట్ట చెలకలో గట్టు ఎక్కిస్తుండగా జీపు వెనక కుడిచక్రం యాక్సిల్ షాఫ్ట్ విరిగింది.

ఆ షాఫ్ట్ ఏం చేస్తుందో ఇక్కడ చెప్పాలి. తర్వాతి విషయమంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇంజిన్ బలం వెనక ఇరుసు మధ్యలో ఉన్న పళ్లచక్రాల పెట్టెకు చేరుతుంది. అక్కడి నుంచి ఎడమకొకటి, కుడికొకటి, రెండు ఇనుప కడ్డీలు దాన్ని చక్రాలకు అందిస్తాయి. వాటిలో ఒకటి విరిగితే బలమంతా విరిగిన వైపుకే పోయి వృథాగా తిరుగుతుంది. బాగున్న చక్రానికి ఏమీ అందదు. ఇంజిన్ ఎంత రొద చేసినా బండి బెత్తెడు కూడా జరగదు. నెమ్మదిగానైనా పోతుందేమోనన్న ఆశ ఉండదు. ముందు చక్రాలకు బలం కలిపితేనే దారి.

ఆ రోజు నాన్న అదే చేశారు. ముందు చక్రాలతో ఈడ్చుకుంటూ ఎల్.బి.నగర్ చేరారు. ఆ శ్రమకు, ముందు చక్రాలకు బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు కూడా అరిగిపోయాయి.

ఎల్.బి.నగర్‌లో మా మెకానిక్ దేవదానం. యాభై దాటిన మనిషి, నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చినవాడు. పద్దెనిమిదేళ్లుగా మా జీపును ఆయన తప్ప ఎవరూ ముట్టుకోలేదు. షెడ్డు గోడకు శిలువ బొమ్మ ఉన్న క్యాలెండరు, దాని పక్కనే పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా పానాలు. ఆదివారం ప్రార్థన ముగిసి ఇంటికొచ్చేదాకా ఎవరి బండి ఎక్కడ ఆగినా ఫోను ఎత్తడు.

ఆయనకొక పద్ధతి ఉంది. కొత్త పార్టు బండిలోకి పోయేముందు దాని మీద బండి యజమాని తన చేత్తో గుర్తు వేయాలి. చిన్న ఉలిలాంటి పంచ్, సుత్తి ఇస్తాడు. ఎవరికి తోచిన గుర్తు వాళ్లు కొట్టాలి. విప్పిన పాత పార్టును పాత పేపరులో చుట్టి, సుతిలి తాడుతో కట్టి, యజమాని చేతిలో పెడతాడు. అది చెత్తలో వేసుకుంటారో, పాత ఇనుములో అమ్ముకుంటారో వాళ్లిష్టం. షెడ్డులో మాత్రం ఉండకూడదు. ఎప్పుడో ఒకాయన, పాత పార్టుకే రంగు వేసి మళ్లీ బిగించావని నలుగురిలో అన్నాడట. అప్పటి నుంచి ఈ నియమం.

"పంచ్ నేను గొడ్తే నా సాక్ష్యం నాకే అయితది సార్. మీరు గొట్టున్రి," అంటాడు నాన్నతో.

నాన్న ఎప్పుడూ కూడిక గుర్తు కొట్టేవారు. ఆ రోజు నాకు సెలవు కావడంతో నేనూ వెళ్లాను. నాన్న పంచ్ నా చేతికిచ్చారు. షాఫ్ట్ బయటి కొస మీద, మర ఉన్న చోట, గుండ్రటి ముఖం మీద నేను త్రికోణంగా మూడు చుక్కలు కొట్టాను.

"గదేం గుర్తు వకీలమ్మా? ముగ్గు పెడ్తున్నవా?" అన్నాడు దేవదానం. వాదించే అలవాటు చూసి చిన్నప్పటి నుంచీ ఆయన నన్నలాగే పిలుస్తాడు.

"'కాబట్టి' అని అర్థం అంకుల్. లెక్కల్లో రాస్తాం."

"కాబట్టి? కాబట్టి ఏంది?"

"అది ముందు ఏముందో దాన్ని బట్టి ఉంటుంది."

"అంటే సగం మాట గొట్టినవన్నట్టు," అని నవ్వి షాఫ్ట్ అందుకున్నాడు.

ఆ గుర్తును ఫోనులో ఫొటో తీశాను. విరిగిన పాత షాఫ్ట్‌నూ తీశాను. అది రెండు ముక్కలు: బయటి వైపు పొడవైనది, లోపలి పళ్లతో జానెడు ముక్క. ఆ చిన్న ముక్క పెట్టెలో ఇరుక్కుపోతే, దాన్ని రాబట్టడానికి అవతలి చక్రం కూడా విప్పాల్సి వచ్చింది. విరిగిన ముఖం బూడిదరంగులో, చక్కెర పలుకుల్లా గరుకుగా ఉంది. ఒక అంచున నెలవంక ఆకారంలో తుప్పు. దాని పక్కనే గోరుకొసంత పెచ్చు లేచిన గుంట.

"గీ తుప్పు సూడు బిడ్డా. గింతవరకు పగులు పాతది. లోపట్లోపటనే పండింది. మిగిలిందే మొన్న తెగింది," అని వివరించాడు.

కొత్త షాఫ్ట్ లోపలికి తోసేటప్పుడు టార్చి పట్టుకున్నది నేను. పళ్లు పళ్లలో పడిన చప్పుడు విన్నాను. తర్వాత చక్రం మధ్యలోని హబ్ నట్టు బిగించి, అది వదులు కాకుండా పిన్ను దూర్చి, నట్టు మీదా పిన్ను మీదా కలిపి పసుపు పెయింటు చుక్క పెట్టాడు. ఎవరు నట్టు తిప్పినా ఆ పెయింటు పగులుతుంది. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను మాత్రం విప్పి కొక్కేనికి తగిలించాడు. జాయింట్లు దొరికాక బిగిస్తానన్నాడు. అంటే ఆ రోజు నుంచి జీపు వెనక చక్రాలతోనే నడవాలి. దీన్ని గుర్తుంచుకోవాలి.

పేపరు పొట్లం నేనే ఇంటికి తెచ్చి, గుమ్మం పక్కన జోళ్ల స్టాండు కిందికి తోశాను. తెచ్చేటప్పుడు లోపల రెండు ముక్కలు ఒకదానికొకటి తగిలి మోగాయా అని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. మోగాయనే గుర్తు. అయితే మనిషి జ్ఞాపకం అవసరాన్ని బట్టి మారుతుందని నేనే క్లాసులో చెబుతుంటాను.

మూడు వారాలు జీపు నడిచింది. నాన్న మర్రిగూడ వెళ్లొచ్చారు, చౌటుప్పల్ రెండుసార్లు వెళ్లొచ్చారు. నన్ను ఒకరోజు నాగోల్‌లో స్నేహితురాలి ఇంటి దగ్గర దింపారు. మూసీ వంతెన మీద బండి హాయిగా పోయింది. ఏ చప్పుడూ లేదు, ఏ వాసనా లేదు.

నాలుగో వారం సోమవారం ఉదయం, కొత్తపేట దాటాక సిగ్నల్ దగ్గర జీపు ఆగిపోయింది. నన్ను కోచింగ్ సెంటర్‌లో దింపి, నాన్న అక్కడి నుంచి దేవదానం దగ్గరికే వెళ్తున్నారు. జాయింట్లు వచ్చాయని కబురందింది. పచ్చదీపం పడగానే గేరు వేస్తే ఇంజిన్ అరిచింది, బండి కదలలేదు. వెంటనే ఆపేశారు. నాన్నకు చౌటుప్పల్‌లో రైతులు ఎదురుచూస్తున్నారు. విషయం ఫోనులో నాకు చెప్పి, ఆయన బస్సెక్కారు. మొదటి క్లాసు ముగించుకుని వచ్చి, దేవదానం పంపిన ట్రాలీ వెనక తాడు కట్టించి, జీపును ఎల్.బి.నగర్ చేర్చింది నేను.

హబ్ మూత తీయగానే షాఫ్ట్ కొస కనిపించింది. దాని మీద నా మూడు చుక్కలు లేవు.

పసుపు పెయింటు చెక్కుచెదరలేదు. దేవదానమే చూపించాడు. "ఎవ్వడు ఇప్పలే," అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. నట్టు తీసి, పుల్లర్‌తో హబ్ లాగి, షాఫ్ట్ బయటికి తీశాడు. విరిగిన పొడవు ముక్క వచ్చింది; అవతలి చక్రమూ విప్పితే లోపలి జానెడు ముక్కా వచ్చింది. బూడిదరంగు ముఖం, అంచున నెలవంక తుప్పు, పక్కనే గోరుకొసంత గుంట.

ఫోను తీసి మూడు వారాల కిందటి ఫొటోను పక్కన పెట్టి చూశాను. ఒకే షాఫ్ట్. అందులో సందేహం లేదు.

నా బుర్ర ఎంత వేగంగా పనిచేసిందో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. విరిగిన షాఫ్ట్‌తో బండి నడవదు. ఈ బండి మూడు వారాలు నడిచింది. కాబట్టి ముక్కల్ని వెల్డింగ్‌తో అతికించి పెట్టారు, ఇప్పుడు అతుకు ఊడింది. పెయింటు పగల్లేదు. కాబట్టి ఆ పని మొదటిరోజే, ఆ షెడ్డులోనే జరిగింది. నేను టార్చి పట్టుకున్న మాట నిజమే. చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్లిన మాటా నిజమే. గొలుసు పూర్తయింది. షెడ్డులో ఇంకో ఇద్దరు బండ్లవాళ్లు కూర్చుని ఉండగా, వాళ్లకు వినబడేలా ఈ గొలుసంతా చెప్పాను.

దేవదానం గొంతు పెంచలేదు. "వెల్డింగ్ గొడ్తే మచ్చ ఉంటది గదా బిడ్డా. ముఖం సూడు, ఎక్కడన్న ఉన్నదా?"

"రుద్దేసి ఉంటారు అంకుల్."

"రుద్దితే గీ తుప్పు ఉంటదా?"

జవాబు లేనప్పుడు డిబేట్‌లో చేసే పనే చేశాను, ప్రశ్న మార్చాను. మరి కొత్తది ఎక్కడుందని అడిగాను.

ఆయన నా ముఖంలోకి చూసి, "ఇంటికాడ పొట్లం ఇప్పినవా?" అన్నాడు.

విప్పాల్సిన అవసరం లేదన్నాను. అక్కడుండాల్సింది కళ్లముందే ఉన్నప్పుడు పొట్లంలో ఏ తుక్కు ఉంటే ఏమిటి?

మధ్యాహ్నం రెండు క్లాసుల మధ్య కూర్చుని మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అంతా రాశాను. రెండు ఫొటోలు పెట్టాను. ఆరోపణ, ఆధారం, నిర్ధారణ అన్న వరసలో, ఒక్క దురుసు మాట కూడా లేకుండా రాశాను. దురుసుతనం లేకపోవడమే దాన్ని నమ్మించింది. సాయంత్రానికి అది నాకు తెలియని గ్రూపుల నుంచి మళ్లీ నాకే వచ్చింది. కింద ఎవరో "మంచి పని చేశావమ్మా" అని రాశారు.

నాన్న ఆరింటికి ఇల్లు చేరారు. బస్సులోనే చదివేశారు. జోళ్లు విప్పుతూ, "పద్దెనిమిదేళ్లుగా తెలిసిన మనిషమ్మా. నాకో మాట చెప్పి రాయాల్సింది," అన్నారు.

"ఎన్నేళ్లుగా తెలుసన్నది ఆధారం కాదు నాన్నా."

"కాదులే. ఆ పొట్లమైనా విప్పావా?"

అమ్మ వంగి, స్టాండు కింది నుంచి దాన్ని లాగింది. పైన మూడు వారాల దుమ్ము. సుతిలి ముడి దేవదానం వేసినదే. ఆయన రెండుసార్లు మెలిపెట్టి కొస లోపలికి దోపుతాడు. పేపరు కూడా ఆ రోజుదే. మారిందల్లా ఒకటే: పేపరంతా నూనె పీల్చి నల్లబడింది.

నాన్న ముడి విప్పారు. లోపల ఒకే కడ్డీ ఉంది. ఎక్కడా విరగలేదు. కొస మీద త్రికోణంగా మూడు చుక్కలు.

అమ్మ, "అయితే అతను దొంగ కాదన్నమాట," అని చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

మరునాడు ఉదయం నాన్నా నేనూ షేర్ ఆటోలో ఎల్.బి.నగర్ వెళ్లాం. షాఫ్ట్ మా ఒళ్లో అడ్డంగా ఉంది. పక్కన కూర్చున్నాయన, "ఏంది సార్, దినామ్ గిట్లనే మోస్తరా?" అని అడిగితే నాన్న నవ్వలేకపోయారు.

షెడ్డులో మా జీపు ఒక్కటే ఉంది. నిన్న కూర్చున్న ఇద్దరూ తమ బండ్లు తీసుకుపోయారు. నేను క్షమాపణకు మాటలు కూర్చుకుని వచ్చాను. ఆయన వాటిని విననేలేదు. షాఫ్ట్ అందుకుని, చుక్కల మీద బొటనవేలు ఆనించి, నెమ్మదిగా టైరు మీద కూర్చున్నాడు.

"అంటే నా చెయ్యే తప్పింది సార్. కొత్తది పొట్లం గట్టి ఇచ్చిన. పాతదే బండిల పెట్టిన."

"అలా ఎలా అవుతుంది దేవదానం?" అన్నారు నాన్న.

"గట్లనే అయితది. మా నాయినకు గిట్లనే మొదలైంది. సూది చేతుల వట్టుకుని సూది కోసం దేవులాడేటోడు." చేతిలోని షాఫ్ట్‌ను పక్కన పెట్టి అన్నాడు: "దొంగ అంటే నేను పడ్త. పద్దెనిమిదేండ్లల్ల ఒక్కరోజు. గాని గిది వేరే. ఇయ్యాల షాఫ్ట్ మర్చిన. రేపు బ్రేకు మరుస్త. ఎవల పిల్లలో బండిల ఉంటరు. ఇగ నేను పానా వట్టొద్దు."

షెడ్డు తాళం చెవి చొక్కా జేబులోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. ఉత్త మాట కాదని అప్పుడు అర్థమైంది. నేను రాసినదాని వల్ల కొన్ని బండ్లు పోతే మళ్లీ వస్తాయి. ఈ మాటను ఆయన నిజంగా నమ్మితే మాత్రం ఆ చేతులు మళ్లీ లేవవు.

ఆయనది పొరపాటు అన్నది ఇప్పుడు అందరికీ అనువైన వివరణ. నేను గౌరవంగా తప్పించుకోవచ్చు, గ్రూపువాళ్లు సరేలే అనుకోవచ్చు. కానీ ఆ వివరణలో ఒక పెద్ద చిల్లు ఉంది.

"అంకుల్, మీరు పాతదే పెట్టారనుకుందాం. మరి బండి ఎలా నడిచింది?"

ఆయన తలెత్తాడు.

"ముందు చక్రాల షాఫ్ట్ ఆ కొక్కేనికే ఉంది. వెల్డింగ్ లేదని మీరే చూపించారు. విరిగిన ముక్కలతో మూడు వారాలు ఎలా తిరిగింది?"

"తిరగది," అన్నాడు. "ఒక్కడుగు గూడ పోదు."

"అయితే పెట్టి చూద్దాం."

నాన్న నన్ను వారించబోయారు. దేవదానం మాత్రం లేచాడు. ఏదైనా విప్పి చూద్దామంటే ఆయన కాదనలేడు. ఆ గుణం మా ఇద్దరికీ ఉంది. విరిగిన షాఫ్ట్‌ను మళ్లీ లోపల బిగించడానికి గంటన్నర పట్టింది. జానెడు ముక్కను లోపలికి చేర్చడానికి అవతలి వైపు విప్పాలి, తీగతో నిలబెట్టాలి, ముక్క జారిపోతుంటే మళ్లీ మొదలుపెట్టాలి. పరధ్యానంలో ఎవరూ చేయగలిగిన పని కాదది. మధ్యలో ఆయనే, "గిదంత చేసి మర్చిపోయిన్నంటవా వకీలమ్మా?" అన్నాడు. ఆ ఉదయం మొదటిసారి ఆయన గొంతులో కాస్త ప్రాణం వినిపించింది.

జాకీలు దించి, నాన్న ఇంజిన్ వేసి గేరు పెట్టారు. ఇంజిన్ అరిచింది. లోపలెక్కడో ఇనుము ఇనుమును గీరింది. జీపు కదల్లేదు. చక్రం ముందు నేను సుద్దతో గీసిన గీత అలాగే ఉంది.

మళ్లీ విప్పి చూస్తే, విరిగిన ముఖాలు రెండూ ఆ అర నిమిషంలోనే రాసుకుని నున్నగా మెరుస్తున్నాయి. గోరుకొసంత గుంట చెరిగిపోయింది. నిన్నటిదాకా ఆ ముఖం చక్కెర పలుకుల్లా గరుకుగా ఉండేది. అంటే ఆ రెండు ముక్కలూ ఈ మూడు వారాలూ బండిలో తిరగలేదు. ఇది తెలిసింది, కానీ తెలుసుకునే ప్రయత్నంలో సాక్ష్యాన్నే చెరిపేశాను. ఇప్పుడు మిగిలినవి నా ఫొటోలే.

నేను ఆ ముక్కల్ని చూస్తుండగా, దేవదానం మూడు చుక్కల షాఫ్ట్‌ను కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నాడు. ఉన్నట్టుండి చెయ్యి ఆగింది. దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్లి, గోటితో ఒకచోట గీశాడు.

"సార్, జర ఇటు రాండ్రి."

షాఫ్ట్ చుట్టూ, ఆయిలు కారకుండా రబ్బరు సీలు ఆనుకునే చోట, వెంట్రుకంత సన్నటి మెరిసే గీత ఉంది. సీలులో తిరిగిన షాఫ్ట్‌కే ఆ గీత పడుతుందట. లోపలి కొసన పళ్లకు ఒక పక్క మాత్రమే మెరుపు తేలింది. బలం పడే పక్క. పేపరు పీల్చుకున్నది కొత్త షాఫ్ట్‌కు పూసి వచ్చే గ్రీజు కాదు, గేర్ ఆయిల్. ఆయన పేపరును వాసన చూసి నాన్నకిచ్చాడు, నాన్న నాకిచ్చారు.

"గిది తిరిగింది బిడ్డా," అన్నాడు దేవదానం. "బండిల తిరిగింది. నేను గిదే పెట్టిన."

తర్వాత తన రెండు చేతుల్నీ తిప్పి చూసుకున్నాడు. తాళం చెవిని మళ్లీ జేబులో వేసుకున్నాడు. ఆ క్షణంలో ఆయనకు మరో ప్రశ్న లేదు.

ప్రశ్నలన్నీ నాకు మిగిలాయి. ఆ షాఫ్ట్ ముందే వాడినదై, కొత్తదని అమ్మి ఉండవచ్చుగా? ఉండవచ్చు. గుర్తు కొట్టినప్పుడు కొస మాత్రమే ఫొటో తీశాను. ఒళ్లంతా తీసి ఉంటే ఈ అనుమానం తీరేది. అయినా సరే, అది పొట్లంలోనే ఉందంటే మూడు వారాలు జీపును నడిపిందేమిటి? సోమవారానికి ముందెప్పుడో ఎవరైనా మార్చారా? పసుపు పెయింటు పగల్లేదు. సుతిలి ముడి విప్పలేదు. పొట్లం మీద దుమ్ము కదల్లేదు. జీపు రాత్రుళ్లు మా అపార్ట్‌మెంటు కింద, వాచ్‌మన్ మంచానికి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. ఇన్ని దాటుకుని, కొత్త షాఫ్ట్ విప్పి, విరిగిన దాన్ని గంటన్నర కష్టపడి బిగించి పోయే మనిషికి దానివల్ల ఏం లాభం? ఒకవేళ అలా చేసినా, సోమవారం ఉదయం మా ఇంటి నుంచి కొత్తపేట దాకా బండి ఎలా వచ్చింది? దిల్‌సుఖ్‌నగర్ దాకా నేను అందులోనే కూర్చుని వచ్చాను.

అంటే ఆ రెండు ఇనుప వస్తువులూ దిల్‌సుఖ్‌నగర్‌లో నేను దిగిన చోటుకూ కొత్తపేట సిగ్నల్‌కూ మధ్య చోట్లు మార్చుకుని ఉండాలి. ఈ వాక్యం రాయడానికి నాకు ఇష్టం లేదు. దీన్ని నేను నిరూపించలేను. దీన్ని కాదనే మరో వాక్యాన్ని కూడా నిరూపించలేకపోయాను.

"అయితే ఇది దేవుడి పనంటావా?" అని నాన్న దేవదానాన్ని అడిగారు, సగం వేళాకోళంగా.

"దేవునికి గీ షెడ్డుల ఏం పని సార్? ఆయనకు మస్తు పనులున్నయి," అన్నాడాయన, షాఫ్ట్‌కు గ్రీజు పూస్తూ. "నాకైతే ఒక్కటే తెల్వాలె. గిది మీ ఇంటికి ఎట్ల పోయింది? మెట్రో ఎక్కి పోయిందా?"

ఆ సాయంత్రం గ్రూపులో నా తప్పు రాశాను. ఇది మొదటిదానికంటే చాలా కష్టమైంది. దేవదానం దొంగతనం చేయలేదని రాశాను. మరి పొరపాటు చేశాడా అని వెంటనే అడిగారు. అవునని ఒక్క మాట అంటే అందరూ ఊరుకునేవారు. చేయలేదని రాసి, చూసింది చూసినట్టు చెప్పి, దీనికి వివరణ నా దగ్గర లేదని ముగించాను. కొందరు నవ్వే బొమ్మలు పెట్టారు. రీజనింగ్ చెప్పే మేడమ్‌కు రీజన్ దొరకలేదని ఒకాయన రాశాడు. అందులో తప్పులేదు. "మంచి పని చేశావమ్మా" అని ఈసారి ఎవరూ రాయలేదు. నా మొదటి సందేశం వెళ్లినంత దూరం రెండోది వెళ్లలేదు. అందుకే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. షెడ్డులోంచి బండ్లు తీసుకుపోయిన ఆ ఇద్దరిలో ఒకరు రెండు నెలలకు తిరిగొచ్చారు. రెండో ఆయన రాలేదు. ఆ లోటు నా వల్ల జరిగింది. దానికి వివరణ అవసరం లేదు.

మూడు చుక్కల షాఫ్ట్ ఇప్పుడు జీపులోనే ఉంది, నడుస్తోంది. విరిగిన ముక్కల విషయంలో మాత్రం దేవదానం తన నియమాన్ని మొదటిసారి తప్పాడు. రెండింటినీ కలిపి పొట్లం కట్టలేదు. జానెడు ముక్క నాకిచ్చి, పొడవు ముక్కను తన షెడ్డు గోడకు తగిలించుకున్నాడు. "రెండు ఒక్కకాడ వద్దు," అన్నాడు. ఎందుకని అడిగితే, "నాకు దెల్వది. నువ్వు సదువుకున్నవ్ గదా, నీకు దెలుస్తే జెప్పు," అన్నాడు.

నాకూ తెలియదు. ఆ ముక్క నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా ఉంది.

ఇప్పుడు నాన్న ఆ వైపు వెళ్లినప్పుడల్లా దేవదానం అడగకుండానే వంగి, కుడిచక్రం మూత తీసి చూస్తాడు. నేనున్నప్పుడు నేనూ వంగుతాను. మూడు చుక్కలూ అక్కడే ఉంటాయి. చక్రం ఆగిన చోటును బట్టి ఒక్కోరోజు వాటి కొస పైకి ఉంటుంది, ఒక్కోరోజు తలకిందులుగా ఉంటుంది. లెక్కల్లో ఆ తలకిందుల గుర్తును "ఎందుకంటే" అని చదువుతాం. ఆ సంగతి దేవదానానికి ఒకసారి చెప్పాను.

"మరి ఎందుకంట?" అని అడిగాడు, మూత పట్టుకుని, నిజంగానే జవాబు కోసం ఎదురుచూస్తూ.

ఆయన ఇంకాసేపు చూసి, మూత బిగించాడు.